అమ్మలూ, గీతలు తుడిచే ముందు ఇది చదువు

అమ్మలూ,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. నువ్వు సెకండ్ హ్యాండ్‌లో కారు కొన్నావంట, నల్ల కారంట, దాని మీద గీతలున్నాయని నువ్వే అపార్ట్‌మెంట్ పార్కింగ్‌లో పెట్టుకుని తీసేస్తావంట, దానికి ఏదో పాలిష్ మిషను కూడా ఆర్డర్ పెట్టావంట. కారు అన్న మాట వినగానే ఎంత సంబరం వేసిందో, మిషను అనేసరికి అంత దడ పట్టుకుంది. మన ఇంట్లో ఆడపిల్ల సొంత జీతంతో కారు కొనడం నీతోనే మొదలు, మీ అమ్మమ్మ ఉండుంటే దానికి ఎర్రనీళ్ళు దిష్టి తీసి నిమ్మకాయలు తొక్కించేదాకా నిన్ను స్టీరింగ్ ముట్టుకోనిచ్చేది కాదు. సరే, అసలు సంగతికొస్తా.

ముప్పై ఏళ్ళ పైన విజయవాడ ఆటోనగర్‌లో కార్లకి పెయింటింగ్ చేసినోణ్ణి, నన్ను ఒక్క మాట అడక్కుండా మిషను ఎట్టా కొన్నావే? కోపం కాదు, ఫోన్ చేస్తే ఎంత బాగుండేదని.

ముందు గోరు పరీక్ష చెయ్. గీతకి అడ్డంగా గోటిని మెల్లిగా లాగు. గోరు తట్టుకోకుండా జారిపోతే అది పైపై గీత, ఇంట్లో పోతుంది. గోరు తట్టుకుందా, లేదా లోపల తెల్లగానో బూడిదరంగుగానో ప్రైమర్, అంటే రంగు కింద కొట్టే అడుగు పూత, కనపడుతుందా, దాన్ని వదిలెయ్, పాలిష్‌తో పోదు. టచప్ చేయించాలి, లేకపోతే అట్టానే ఉంచుకోవాలి.

ఇప్పుడు చెప్పేది బాగా గుర్తుపెట్టుకో. గీత పోవడమంటే గీతని పూడ్చడం కాదు, దాని చుట్టూ ఉన్న పెయింట్‌ని అరగదీసి గీత అడుగుదాకా దించడం. కంపెనీ పెయింట్ మొత్తం, అంటే ప్రైమరూ రంగూ పైన రంగులేని క్లియర్ కోటూ అన్నీ కలిపినా సుమారు 100 నుంచి 150 మైక్రాన్లే. అందులో మెరిసే క్లియర్ ఒక 40, 50 ఉంటుంది. మన తలవెంట్రుకే 70 అటూ ఇటూ ఉంటుంది, అంటే నువ్వు రుద్దబోయే పొర వెంట్రుక కంటే సన్నం. రుద్దిన ప్రతిసారీ అందులోంచి కొంచెం పోతుంది, పోయింది మళ్ళీ రాదు.

నేను పనిలో చేరింది 1986లో, పదిహేడేళ్ళప్పుడు. అప్పుడన్నీ అంబాసిడర్లూ ప్రీమియర్ పద్మినిలూ, మేం కొట్టేది ఎన్‌సీ అనే పాతరకం పెయింట్, కోటు మీద కోటు వేసి వాటర్ పేపర్, అదే తడిపి రుద్దే గరుకు కాగితం, పట్టి రబ్బింగ్ చేసేవాళ్ళం. క్లియర్ అనేది లేదు, రుద్దితే గుడ్డకి కారు రంగే అంటుకునేది, అది మామూలే అనుకుని ఇంకా రుద్దేవాళ్ళం, ఇంకా మెరిసేది. నీ కారు అట్టాంటిది కాదు. నీ గుడ్డకి నలుపు అంటిందంటే క్లియర్ దాటిపోయావని లెక్క, అక్కడే ఆపెయ్. కంపెనీ పెయింట్ కాకుండా ఎప్పుడో క్లియర్ లేని పెయింట్ కొట్టించిన డోరైనా సరే, ముందు ఆపు, తర్వాత నన్నడుగు.

ఈ తేడా నేను ఎట్టా నేర్చుకున్నానో మీ అమ్మకి కూడా ఇప్పటిదాకా చెప్పలా.

1997లో అనుకుంటా, వన్ టౌన్‌లో బట్టల వ్యాపారం చేసే ఒకాయన సియెలో కారు తెచ్చాడు, ముదురు ఆకుపచ్చ మెటాలిక్. కూతురి పెళ్ళి, అల్లుణ్ణి అందులోనే ఊరేగించాలని ముచ్చట, బోనెట్ మీద సన్న గీతలున్నాయి తీసెయ్యమన్నాడు. మేస్త్రీ ఊళ్ళో లేడు. పదకొండేళ్ళ అనుభవం కదా నాకు, మిషను పట్టా. గుండ్రంగా ఒకటే తిరిగే రోటరీ మిషను, దానికి ఊలు ప్యాడు. సాయంత్రం అయిపోయింది, షెడ్లో ఒకే ట్యూబ్‌లైటు, పొద్దున్నే బండి ఇవ్వాలి. బోనెట్ మధ్యలో అంతా అద్దంలా వచ్చింది, ఆ ఊపులో పక్కనుండే మడత అంచు మీదికి కూడా మిషను పోనిచ్చా. రెండు మూడు సెకన్లు, అంతే. అంచు దగ్గర రూపాయి బిళ్ళంత మేర మెరుపు పోయి మట్టిగా మచ్చ తేలింది.

ఎందుకట్టా అయిందంటే, పెయింట్ కొట్టినప్పుడు అంచు మీద నిలవదు, అటూ ఇటూ జారిపోతుంది, అక్కడ పొర ఎప్పుడూ పలచనే. పైగా మిషను బరువంతా ఆ సన్నటి గీటు మీదే పడుతుంది, వేడి కూడా అక్కడే పుడుతుంది. నడిమధ్యలో నిమిషం ఓర్చుకునే పెయింట్ అంచు మీద క్షణం ఓర్చుకోదు.

నాకు తెలిసిపోయింది అమ్మలూ, చూడగానే తెలిసిపోయింది. అప్పుడు నేను చేసిన పని చెప్తున్నా, దాని మీద మందంగా వ్యాక్స్ పట్టించా. మెరిసింది. పొద్దున ఆయన చూసి మురిసిపోయి చేతిలో యాభై రూపాయలు ఎక్కువ పెట్టాడు, తీసుకున్నా. పెళ్ళి అయింది. వానలు పడ్డాయి, వ్యాక్స్ కొట్టుకుపోయింది, మచ్చ తేలింది. ఆయన వచ్చి అరవలేదు, "నీకు ఆ రోజే తెలుసా బాబూ?" అని ఒక్క మాట అడిగాడు. తెలియదండీ అన్నా.

మేస్త్రీ నా మొహం చూసి కనిపెట్టేశాడు. బోనెట్ మొత్తం మళ్ళీ పెయింట్ చేయించి ఖర్చు నా జీతంలో కోసుకున్నాడు, న్యాయమే. మెటాలిక్ కదా, షెడ్లో కలిసినట్టే ఉంది, ఎండలోకి తెచ్చేసరికి బోనెట్ ఒక ఛాయ, ఫెండర్ ఒక ఛాయ. ఏలూరు రోడ్డు మీద ఆ కారు ఎదురైనప్పుడల్లా తల తిప్పుకునేవాణ్ణి. పెయింట్ పోయినందుకు కాదు, ఆ "తెలియదండీ" అన్న మాటకి. ఆయన ఇప్పుడు లేడు, వెళ్ళి చెప్పుకునే వీల్లేదు.

అందుకే నీకు ముందు చెప్పేది టేపు సంగతి. మాస్కింగ్ టేపు కొను, బోనెట్ అంచులు, డోర్ల మీద పొడుగ్గా ఉండే మడతలు, రబ్బరు బీడింగులు, నల్ల ప్లాస్టిక్ ముక్కలు అన్నిటికీ వెయ్. ప్లాస్టిక్ మీద కాంపౌండ్, అదే గీతలు అరగదీసే ముద్ద, పడితే తెల్లగా పట్టేసి ఓ పట్టాన వదలదు.

మిషను వచ్చాక చూడు, ఒకే చోట గిర్రున తిరిగేదైతే ఇంట్లో పెట్టమాకు, వెనక్కి పంపెయ్. తిరుగుతూ ఊగేది, డీఏ అంటారు, అదైతే ఉంచు కానీ ఈసారికి ముట్టుకోమాకు, చేత్తోనే చెయ్. ఎప్పుడు మిషను పట్టుకున్నా చున్నీ ఉండకూడదు, జుట్టు ముడేసుకో, గాజులూ ఉంగరాలూ తీసి ఇంట్లో పెట్టు. మా షెడ్లో ఒక కుర్రాడి చొక్కా చెయ్యి మిషనుకి చుట్టుకుని మణికట్టు విరిగింది, ఆ అరుపు నాకింకా వినపడుతుంది. కడిగిన నేల మీద ఎక్స్‌టెన్షన్ బోర్డు కూడా పెట్టమాకు. ఇవి చేస్తానని మాటిచ్చాకే మిగతాది చదువు.

కడగడం నీకు తెలుసు. రెండు బకెట్లు పెట్టుకో, ఒకటి షాంపూకి, ఒకటి గుడ్డ జాడించడానికి. బోరు నీళ్ళయితే ఎండకముందే తుడిచెయ్, తెల్ల మచ్చలు పడతాయి. కారు నీడలో ఉండాలి, రేకు చేతికి చల్లగా తగలాలి.

సెకండ్ హ్యాండ్ కాబట్టి ఇంకోటి చూడు. డోరు రబ్బర్ల మీద రంగు తుంపర్లున్నాయా, ఒక డోరు పక్క డోరు కంటే నారింజ తొక్కలాగా గరుగ్గా ఉందా, ఉంటే దానికి ఎప్పుడో మళ్ళీ పెయింట్ పడింది. అక్కడ పొర ఎంతుందో చూపుకి తెలియదు, ఇంకా జాగ్రత్తగా చెయ్.

ముందు పాలిష్, దాంతో పోకపోతేనే ఇంకా గట్టిగా అరగదీసే కాంపౌండ్. ఎక్కడో కింద, ఎవరికీ కనపడని చోట అడుగు మేర చేసి చూడు. ఫోమ్ ప్యాడు మీద శనగగింజంత మూడు చుక్కలు, రెండడుగుల చోటులోనే, ఒత్తిపట్టకుండా రుద్దు. మైక్రోఫైబర్ గుడ్డతో తుడిచి టార్చి వేసి చూడు. రెండు సార్లు చేసినా గీత కొంచెం మిగిలిందా, మిగలనీ. నూటికి ఎనభై పోతే చాలు, ఆ మిగతా ఇరవై కోసమే పెయింట్లు తినేస్తారు. వాటర్ పేపర్ జోలికి అసలు పోమాకు, 2000 నంబరైనా 3000 నంబరైనా, అది చెయ్యి తిరిగినోళ్ళ పని. వీడియోల్లో టూత్‌పేస్ట్ చూపిస్తారంట, అదీ అరగదీసేదే, ఎంత అరగదీస్తుందో లెక్కుండదు, వద్దు. చివర్లో వ్యాక్స్ వెయ్, కానీ గీతలు చూసుకున్నాకే వెయ్, వ్యాక్స్ వేశాక ఏదీ నిజం కనపడదు.

సాలెగూడు లాంటి సన్న గీతల్లో సగం, అపార్ట్‌మెంట్‌లో రోజూ పొద్దున కార్లు తుడిచే అబ్బాయి గుడ్డవే అయ్యుంటాయి. ఒకే బకెట్, ఒకే గుడ్డ, ముప్పై కార్లు. ఆ తుడిచే అబ్బాయిని ఏమీ అనమాకు, నీ కారుకి వేరే రెండు గుడ్డలు కొనిచ్చి, దుమ్ము మీద పొడిగుడ్డ వెయ్యొద్దు బాబూ, ముందు నీళ్ళు పొయ్యి అని చెప్పు, వింటాడు.

డోర్ హ్యాండిల్ లోపలి గుంటలో గోళ్ళ గీతలు కూడా ఉంటాయి, వాటిని చేత్తో ఒక్కసారి పాలిష్ చేసి వదిలెయ్.

శనివారం సాయంత్రం మొదలుపెట్టమాకు. ఆదివారం పొద్దున ఏడింటికి వీడియో కాల్ చెయ్, కారు చుట్టూ ఫోన్ తిప్పి టేపులన్నీ నాకు చూపించి అప్పుడు డబ్బా మూత తియ్. ఎక్కడన్నా మచ్చ తేలితే ఏమీ పుయ్యకుండా అట్టానే వదిలేసి నాకు చెప్పు, తర్వాత శాతవాహన రైలెక్కి నేనొస్తా, పెయింట్ కొట్టే గన్నూ రంగూ నాతోనే తెస్తా.

మీ మావయ్య