తొమ్మిది రాశులు, రెండు జవాబులు

ప్రశ్న: 3, 5, 8, 12, 13, 18, 21, 26, 29 అనే తొమ్మిది రాశులకు చతుర్థాంశాల అంతరం కనుక్కోమని మా అబ్బాయికి లెక్క ఇచ్చారు. వాడు కాగితం మీద చేస్తే 17 వచ్చింది, నేను కంప్యూటర్‌లో సరిచూస్తే 13 వచ్చింది. ఎన్నిసార్లు చేసినా ఎవరి జవాబు వారికే వస్తోంది. గణితంలో నిర్వచనం ఒక్కటే ఉండాలి గదా, మాలో తప్పు ఎవరిది?

జవాబు: ఇద్దరి లెక్కలోనూ తప్పు లేదు. వరుసలో పేర్చిన రాశులను నాలుగు సమాన భాగాలుగా విడదీసే మూడు హద్దులే చతుర్థాంశాలు; మూడో చతుర్థాంశంలోంచి మొదటి చతుర్థాంశాన్ని తీసివేస్తే వచ్చేదే ఈ అంతరమన్న విషయంలో ఎవరికీ పేచీ లేదు. పేచీ అంతా ఆ చతుర్థాంశాలు ఎక్కడ ఉన్నాయన్న దాని మీదే. మీ రాశులకు మధ్యగతం, అంటే వరుసలో సరిగ్గా నడుమనున్న రాశి, 13. మీ అబ్బాయి దాన్ని పక్కన పెట్టి, కింది సగంగా 3, 5, 8, 12లను, పై సగంగా 18, 21, 26, 29లను తీసుకుని, వాటి మధ్యగతాలు 6.5, 23.5 అని కట్టి ఉంటాడు. అదే 13ను రెండు సగాల్లోనూ చేర్చి ఉంటే అవి 8, 21 అయ్యేవి. మీ కంప్యూటర్ వాడిన సూత్రం వేరైనా, ఈ తొమ్మిదింటి విషయంలో అది చేరింది అక్కడికే.

రెండు పద్ధతులకూ తగిన కారణాలున్నాయి. కనీసం నాలుగో వంతు రాశులు దేనికి సమానంగా గాని తక్కువగా గాని ఉంటాయో, కనీసం ముప్పాతిక వంతు రాశులు దేనికి సమానంగా గాని ఎక్కువగా గాని ఉంటాయో అదే మొదటి చతుర్థాంశం అనే నిర్వచనానికి కట్టుబడితే 8 నిలుస్తుంది, 6.5 నిలవదు, దాని కింద ఉన్నవి తొమ్మిదింటిలో రెండే, అవి నాలుగో వంతుకు చాలవు. అయితే ఈ తొమ్మిదీ ఒక పెద్ద సమూహం నుంచి యాదృచ్ఛికంగా తీసిన నమూనా అయితే అసలు అడిగే ప్రశ్నే మారిపోతుంది. మనకు దొరికిన అతి చిన్న రాశి కంటే చిన్నవి, అతి పెద్ద రాశి కంటే పెద్దవి ఆ సమూహంలో ఇంకా ఉండవచ్చు గనుక, తొమ్మిది రాశులు దాన్ని సగటున పది సమాన భాగాలుగా విడదీస్తాయి. పదిలో నాలుగో వంతు రెండున్నర. రెండున్నరో స్థానమంటే 5కూ 8కీ సరిగ్గా నడుమనున్న 6.5.

మీ కంప్యూటర్ సూత్రం, ఈ పది భాగాల సూత్రం చూపే స్థానాల మధ్య తేడా, రాశులు తొమ్మిదైనా తొమ్మిది వేలైనా, ఎప్పుడూ అర స్థానమే. వేల రాశులున్నప్పుడు పక్కపక్క రాశుల మధ్య ఎడం సాధారణంగా చాలా తక్కువ కనుక ఆ అర స్థానం కంటికి ఆనదు. తొమ్మిదింటిలో అదే 13ను 17 చేసింది. రాశులు సరి సంఖ్యలో ఉంటే గొడవ తప్పుతుందనీ అనుకోకండి: ఎనిమిది రాశులకు సగాల పద్ధతి 2.5వ స్థానాన్ని చూపిస్తే, ఈ సూత్రాల్లో ఒకటి 2.25ను, మరొకటి 2.75ను చూపిస్తుంది. ఇలాంటి నిర్వచనాలను రాబ్ హైండ్‌మన్, యానన్ ఫాన్ అనే గణాంక శాస్త్రవేత్తలు 1996లో ఒకచోట చేర్చితే తొమ్మిది తేలాయి. ‘ఆర్’ అనే గణాంక సాఫ్ట్‌వేర్ ఆ తొమ్మిదింటినీ ఇస్తుంది. ఎక్సెల్‌లో 2010 కూర్పు నుంచి రెండు వేర్వేరు ఫంక్షన్లు ఉన్నాయి.

తేడా వల్ల నష్టమేమిటంటారా? మీ చివరి రాశి 29 కాక 45 అనుకోండి, చతుర్థాంశాలు మారవు. మూడో చతుర్థాంశానికి అంతరానికి ఒకటిన్నర రెట్లు కలిపి, ఆ హద్దు దాటినదాన్ని అసాధారణ రాశిగా అనుమానించాలన్న అమెరికన్ గణాంక శాస్త్రవేత్త జాన్ ట్యూకీ నియమం ప్రకారం, మీ లెక్కలో హద్దు 40.5, మీ అబ్బాయి లెక్కలో 49. అంటే 45 మీకు అనుమానాస్పదం, అతనికి మామూలు. ట్యూకీ మాత్రం మధ్యగతాన్ని రెండు సగాల్లోనూ చేర్చినవాడే కనుక, ఆయన నియమం వాడేవారు ఆయన చతుర్థాంశాలనే వాడటం న్యాయమని నా అభిప్రాయం.

వైద్య వ్యాసాల్లో ఈ అంతరాన్ని ఒకే సంఖ్యగా కాక 8–21 అని రెండు కొసలతో రాయడం కూడా కనిపిస్తుంది. కొసలు తెలిస్తే తేడా ఎవరైనా కట్టుకోగలరు గనుక అది నాకు మెరుగనిపిస్తుంది.

చేతిలో ఉన్న తొమ్మిదింటినే వర్ణించాలంటే నేను 13 వైపే మొగ్గుతాను. అబ్బాయి పాఠ్యపుస్తకం మధ్యగతాన్ని వదిలేయమని చెబితే మాత్రం అతను 17 అనే రాయాలి, పక్కనే “మధ్యగతాన్ని సగాల్లో చేర్చలేదు” అని ఒక ముక్క జతచేయాలి.