టాప్ 5 శాతంలో లేడు, మరి సీఎస్ సంగతేంటి?

ప్రశ్న: మేం డాలస్ దగ్గర ఫ్రిస్కోలో ఉంటాం. మా అబ్బాయి 11వ గ్రేడు. స్కూల్లో టాప్ 8 శాతం దగ్గర ఉన్నాడు, యూటీ (యూనివర్సిటీ ఆఫ్ టెక్సస్) ఆస్టిన్‌కి టాప్ 5 శాతంలో ఉండాలంటున్నారు. మావారు కంప్యూటర్ సైన్స్ (సీఎస్) తప్ప ఇంకేదీ వద్దంటారు. బాబుకి ఫిజిక్స్ ఇష్టం, కానీ గట్టిగా అడిగితే మాట్లాడడు. తెలిసినవాళ్ళంతా తొమ్మిదో గ్రేడు నుంచే కన్సల్టెంట్లను పెట్టుకున్నారు. మేం ఆలస్యం చేశామా? పర్డ్యూ, ఇల్లినాయిస్ లాంటి చోట్ల సీఎస్ మంచిదా, ఇక్కడే యూటీ డాలస్ మంచిదా?
ఒక తల్లి, టెక్సస్

జవాబు: ఆలస్యం కాలేదమ్మా. కాలేజీల వెతుకులాట అసలు మొదలుపెట్టాల్సిందే జూనియర్ ఏడాది, అంటే 11వ గ్రేడు, రెండో సెమిస్టర్లో. చాలా కాలేజీలకు ఒకే దరఖాస్తుగా పనికొచ్చే కామన్ యాప్ ఆగస్టు 1న తెరుచుకుంటుంది. యూటీ ఆస్టిన్ ఎర్లీ యాక్షన్ (ముందే అప్లై చేసే, చేరి తీరాలన్న షరతు లేని పద్ధతి) గడువు అక్టోబరు 15, ఇల్లినాయిస్, పర్డ్యూలకు నవంబరు 1. తొమ్మిదో గ్రేడు నుంచి కన్సల్టెంట్ ఉన్న పిల్లలకు ప్రధానంగా దొరికింది ఏ క్లాసులు తీసుకోవాలో చెప్పే మనిషి. ఆ పని మీ స్కూలు కౌన్సిలర్ డబ్బు తీసుకోకుండా చేస్తారు, అపాయింట్‌మెంట్ అడగాలి అంతే.

మీ ఉత్తరం ఇంకోసారి చదువుకోండి. మీవారికి ఏం కావాలో స్పష్టంగా రాశారు. తెలిసినవాళ్ళు ఏం చేశారో రాశారు. బాబు ఇష్టం మాత్రం రెండు ముక్కల్లో తేల్చేసి, వెంటనే మాట్లాడడని ఫిర్యాదు చేశారు. గట్టిగా అడిగితే ఏ పదహారేళ్ళ పిల్లవాడు మాట్లాడతాడు? ఇంట్లో తీర్పు ముందే ఖరారైందని వాడికి అర్థమైంది. ఇక చెప్పి ఉపయోగం ఏముందని ఊరుకున్నాడు. ఇది వాడి మొండితనం అనుకోకండి. అడిగే తీరు మారాలి, ముందు మీవారిది, తర్వాత మీది.

మీ ప్రశ్న అడుగున ఉన్న భయం నాకు కనబడుతూనే ఉంది. ఇంత దూరం వచ్చి, మంచి స్కూల్ డిస్ట్రిక్ట్ కోసం ఖరీదైన ఇల్లు కొని చదివించాం, ఏదో ఒకటి మనం చేయక వీడు వెనకబడిపోయాడేమోనని. టాప్ 8 శాతంలో ఉన్న పిల్లవాడు వెనకబడలేదు. ఫ్రిస్కో, ప్లేనో, కొప్పెల్ లాంటి చోట్ల 5 శాతానికీ 8 శాతానికీ తేడా చాలాసార్లు ఒకటి రెండు ఏపీ (కాలేజీ స్థాయి) క్లాసుల వెయిటేజీ మాత్రమే. చదువులో తేడా అంతకన్నా తక్కువ.

చట్టం వాడికి ఇప్పటికే ఏం ఇచ్చిందో చూడండి. టెక్సస్ పబ్లిక్ యూనివర్సిటీలు టాప్ 10 శాతం విద్యార్థులకు ప్రవేశం ఇచ్చి తీరాలి. యూటీ ఆస్టిన్ ఒక్కదానికే మినహాయింపు ఉంది. అక్కడ 6 శాతంగా ఉన్నది 2026 ఫాల్ ప్రవేశాల నుంచి 5 శాతం అయింది. ముఖ్యమైన షరతులు రెండు: గడువులోపు అప్లై చేయాలి, డిస్టింగ్విష్డ్ లెవెల్ ఆఫ్ అచీవ్‌మెంట్ అనే హోదాతో హైస్కూలు పూర్తి చేయాలి. బాబు హైస్కూలు గ్రాడ్యుయేషన్ ప్లాన్‌లో ఆ హోదా ఉందో లేదో ఈ వారమే కౌన్సిలర్‌తో సరిచూడండి. అంటే యూటీ డాలస్, టెక్సస్ ఏ అండ్ ఎం రెండింట్లోనూ యూనివర్సిటీ ప్రవేశం చేతిలో ఉన్నట్టే. అయితే ఆ హామీ యూనివర్సిటీ గేటు వరకే, మేజర్‌కి కాదు. 5 శాతంలో ఉన్న పిల్లలకు కూడా ఆస్టిన్‌లో సీఎస్ హామీ లేదు. ఏ అండ్ ఎంలో ఇంజనీరింగ్‌కి విడిగా పరిశీలిస్తారు, వచ్చాక మొదటి ఏడాది అందరూ జనరల్ ఇంజనీరింగే, ఆ ఏడాది గ్రేడ్లను బట్టి బ్రాంచి. ర్యాంకు కూడా ఇంకా ఖరారు కాలేదు. అప్లికేషన్‌తో వెళ్ళేది 11వ గ్రేడు ముగిశాక వచ్చే ర్యాంకు. 8 శాతం 10 దాటకుండా చూసుకోవడం ఈ సెమిస్టర్లో బాబు చేయగల అతి ముఖ్యమైన పని. ఇంకో సమ్మర్ ప్రోగ్రామ్ కన్నా, ఇంకో క్లబ్ కన్నా.

ఇక సీఎస్. నేను సీఎస్‌కి వ్యతిరేకిని కాను. కానీ మన ఇళ్ళలో దాన్ని పట్టుకున్న తీరు మీద నాకు గట్టి అనుమానాలున్నాయి. న్యూయార్క్ ఫెడరల్ రిజర్వ్ బ్యాంకు కొత్త గ్రాడ్యుయేట్ల ఉద్యోగాల లెక్కలు మేజర్ల వారీగా ఇస్తుంది. 2025లో విడుదల చేసిన పట్టికలో సీఎస్ వాళ్ళ నిరుద్యోగం 6.1 శాతం, కంప్యూటర్ ఇంజనీరింగ్ 7.5 శాతం. ఉద్యోగం దొరికిన సీఎస్ వాళ్ళ జీతాలు మాత్రం అదే పట్టికలో పైవరసలోనే ఉన్నాయి. అంటే డిగ్రీకి విలువ పోలేదు, పేరు చూసి పిలిచే రోజులు పోయాయి. సమ్మర్ ఇంటర్న్‌షిప్, సొంతంగా కట్టిన ప్రాజెక్టులు, ఇంటర్వ్యూలో ఆలోచన పైకి చెప్పగలగడం, వీటి మీదే ఇప్పుడు ఎంపిక. ఇవి ఇష్టం లేనివాడు నాలుగేళ్ళు నెట్టుకురాలేడు. ఫిజిక్స్ మీద మనసున్న పిల్లవాణ్ణి సీఎస్‌లో కూర్చోబెడితే, రాత్రిళ్ళు సరదాకి కోడ్ రాసే పిల్లల పక్కన వాడు సగటు విద్యార్థిగా మిగులుతాడు. అదే పిల్లవాడు ఫిజిక్స్‌లోనో, ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్‌లోనో, అప్లయిడ్ మ్యాథ్‌లోనో ముందువరసలో ఉండి, పైథాన్, సీ ప్లస్ ప్లస్, న్యూమరికల్ మెథడ్స్ నేర్చుకుంటే సెమీకండక్టర్లు, సిమ్యులేషన్, డేటా వైపు దారులు తెరిచే ఉంటాయి. మీవారు ఐటీలోకి వచ్చిన నాటి మార్కెట్టు వేరు. ఆ అనుభవంతో 2031లో ఉద్యోగం వెతుక్కోబోయే వాడికి తీర్పు చెప్పడం న్యాయం కాదని ఆయనకు నా మాటగా చెప్పండి.

దీనికి విరుగుడుగా కొందరు ఇచ్చే సలహా ఇంకా ప్రమాదం: 'ముందు ఫిజిక్స్‌లో చేరిపో, తర్వాత సీఎస్‌కి మారిపో.' చాలా పెద్ద యూనివర్సిటీల్లో ఆ తలుపు దాదాపు మూసేశారు. ఇల్లినాయిస్‌లో బయటి మేజర్ నుంచి సీఎస్‌లోకి మారడం చాలా కష్టం. పర్డ్యూలో సీఎస్ కాలేజ్ ఆఫ్ సైన్స్‌లో ఉంటుంది, మారడం సీట్లు మిగిలితేనే. వాషింగ్టన్ యూనివర్సిటీ సియాటిల్‌లోనూ అంతే. కారణం సులువు, క్లాసుల్లో చోటు లేదు. కాబట్టి ప్రతి కాలేజీకీ ఒకే ప్రశ్న వేసి జవాబు రాసుకోండి: 'అప్లికేషన్‌లో రాసిన మేజర్‌కి సీటు ఇస్తారా, యూనివర్సిటీకి ఇచ్చి తర్వాత తేలుస్తారా, మారాలంటే ఎంత జీపీఏ కావాలి, ఖాళీలు ఉంటాయా?' ఇల్లినాయిస్‌లో సీఎస్ ప్లస్ ఫిజిక్స్ లాంటి జంట డిగ్రీ ఉంది. బాబు దాని నాలుగేళ్ళ క్లాసుల పట్టిక చదివితే ముఖం ఎలా మారుతుందో గమనించండి. వాడి మనసు అక్కడే కొంత తెలిసిపోతుంది.

మీరు విన్న 'ప్రొఫైల్ బిల్డింగ్' గురించి కూడా చెప్పాలి. పేరున్న క్యాంపస్‌లో వేలకు వేలు కట్టి చేసే రెండు వారాల సమ్మర్ ప్రోగ్రామ్, డబ్బిచ్చి వేయించుకునే రీసెర్చ్ పేపర్, పదకొండో గ్రేడులో హఠాత్తుగా పుట్టే నాన్‌ప్రాఫిట్, ఇవి అడ్మిషన్ ఆఫీసులకు బాగా అలవాటైపోయాయి. క్యాంపస్ అద్దెకిచ్చినంత మాత్రాన ఆ కాలేజీ పిల్లవాణ్ణి ఎంచుకున్నట్టు కాదు. నిజంగా బరువున్నవి, ఎంఐటీలో జరిగే ఆర్‌ఎస్‌ఐ (రీసెర్చ్ సైన్స్ ఇన్‌స్టిట్యూట్), టెక్సస్ టెక్ క్లార్క్ స్కాలర్స్ లాంటి వేసవి పరిశోధనా కార్యక్రమాలు, పిల్లల దగ్గర ప్రోగ్రామ్ ఫీజు తీసుకోవు. క్లార్క్ స్కాలర్స్‌లో ఏడు వారాలకు తీసుకునేది 12 మందినే. అందులో రాకపోతే కొంపేమీ మునగదు. ఈ వేసవిలో బాబు ఒక ట్యూటరింగ్ సెంటర్లో చిన్నపిల్లలకు లెక్కలు చెప్పినా, కొలిన్ కాలేజీలో ఒక క్లాసు చేసినా, ఇంట్లో టెలిస్కోపుకి కెమెరా బిగించి ఫొటోల డేటా తీసినా అది వాడిదిగా కనిపిస్తుంది. కామన్ యాప్‌లో ఒక్కో యాక్టివిటీ వివరణకి 150 అక్షరాలే చోటు. కొన్న సంగతికి ఆ 150 నింపడమే కష్టం, చేసిన సంగతికి సరిపోదు.

మీరడిగిన పోలిక. ఇంట్లో ఉండి యూటీ డాలస్‌కి వెళ్తే ఇన్-స్టేట్ ట్యూషన్ ఏటా సుమారు 15, 16 వేల డాలర్లు. ర్యాంకు, స్కోరు బాగుంటే వాళ్ళ అకడమిక్ ఎక్సలెన్స్ స్కాలర్‌షిప్ దాన్ని ఇంకా దించవచ్చు. పర్డ్యూ బయటి రాష్ట్రాల వారి మూల ట్యూషన్ 29 వేల లోపే, 2012–13 నుంచి పెంచలేదు. వసతి, తిండి, ప్రయాణాలు కలిపితే 45 వేల దగ్గరికి వస్తుంది. ఇల్లినాయిస్ ఇంజనీరింగ్ 60 వేలు దాటుతుంది. నాలుగేళ్ళకు ఇల్లినాయిస్‌కీ యూటీ డాలస్‌కీ తేడా లక్షా డెబ్భై వేల డాలర్ల పైనే. ఆ డబ్బుకి ఇల్లినాయిస్‌లో దొరికేది లోతైన సీఎస్ డిపార్ట్‌మెంటు, దేశమంతటి నుంచి వచ్చే కంపెనీలు, గట్టి తోటి విద్యార్థులు. అవి నిజమైన లాభాలే. యూటీ డాలస్‌లో దొరికేది రిచర్డ్‌సన్ టెలికాం కారిడార్ అనే కంపెనీల వరస, సెమెస్టర్ మధ్యలో కూడా వెళ్ళగల దూరంలో ఇంటర్న్‌షిప్పులు, అప్పు లేని డిగ్రీ. చిప్పుల కంపెనీ టెక్సస్ ఇన్‌స్ట్రుమెంట్స్ స్థాపకులు 1961లో పెట్టిన పరిశోధనా కేంద్రమే 1969లో యూటీ డాలస్ అయింది. ఫిజిక్స్ ఇష్టమున్న పిల్లవాడికి చిప్పుల ఊరు పక్కనే ఉండటం చిన్న విషయం కాదు. ఆ తేడా మొత్తం అప్పు చేసి కట్టాల్సివస్తే నా సమాధానం యూటీ డాలస్. పొదుపులోంచి కట్టగలిగి, బాబు తనంతట తానే సీఎస్ కోరితే ఇల్లినాయిస్‌కి అప్లై చేయండి, కానీ అక్కడి సీఎస్‌ని, రాకపోవచ్చనుకునే కలల వరసలో పెట్టండి. పర్డ్యూ మధ్యలో ఉంటుంది.

డబ్బు లెక్క మార్చిలోపే వేయండి, బాబు పక్కన కూర్చుని ఉండగా. ప్రతి కాలేజీ వెబ్‌సైట్‌లో, సాయం పోగా మీరు కట్టాల్సింది అంచనా వేసే నెట్ ప్రైస్ కాలిక్యులేటర్ ఉంటుంది, మీ పన్ను రిటర్ను పెట్టుకుని నింపండి. 2027 ఫాల్‌లో చేరేవారి ఫాఫ్సా, అంటే ఫెడరల్ ఆర్థిక సాయం దరఖాస్తు, 2025 ఆదాయం మీద నడుస్తుంది, అది ఇప్పటికే ముగిసిపోయిన ఏడాది. మీ పేరిట ఉన్న 529 (కాలేజీ పొదుపు) ఖాతాలో గరిష్ఠంగా 5.64 శాతమే లెక్కలోకి వస్తుంది, బాబు పేరిట దాచిన డబ్బులో 20 శాతం. ఉంటున్న ఇల్లు, రిటైర్మెంటు పొదుపు 401కే ఫాఫ్సాలో రావు. హైదరాబాద్‌లో అద్దెకిచ్చిన ఫ్లాటు, ఊళ్ళో కొన్న ప్లాటు మాత్రం వస్తాయి, దాచకుండా చూపించాలి. విద్యార్థి పేరిట ఫెడరల్ అప్పు నాలుగేళ్ళకు 27 వేలే, మొదటి ఏడాది 5,500. 2026 జులై 1 నుంచి తల్లిదండ్రులు తీసుకునే ఫెడరల్ అప్పు, కొత్త పేరెంట్ ప్లస్‌కి కూడా ఏటా 20 వేలు, మొత్తం 65 వేల హద్దు వచ్చింది. మిగతాది మీరు సంతకం పెట్టే ప్రైవేటు అప్పే.

తర్వాత లిస్టు. ఎనిమిది నుంచి పది కాలేజీలు చాలు. పదిహేను ఇరవై పెడితే ఒక్కో కాలేజీ విడిగా అడిగే సప్లిమెంట్ ఎస్సేలు ముప్పై దాటుతాయి, డిసెంబరుకల్లా పిల్లలు అలసిపోయి ఒక కాలేజీ పేరు ఇంకో కాలేజీ ఎస్సేలో వదిలేస్తారు. స్కూలు పోర్టల్లో పాత విద్యార్థుల్లో ఎవరికి ఎక్కడ సీటొచ్చిందో చూపే చుక్కల గ్రాఫ్ చూసి ధైర్యపడకండి, ఆ చుక్కలు సాధారణంగా మేజర్‌ని విడదీసి చూపించవు. కాలేజీ పేరుతో 'కామన్ డేటా సెట్' అని వెతికి, కాలేజీ తనే ప్రచురించే ఆ లెక్కల్లో సీ7 విభాగం చూడండి, ర్యాంకు, ఎస్సే, ఆసక్తి చూపడం దేనికి ఎంత విలువో ఉంటుంది. హెచ్2ఏలో అవసరంతో సంబంధం లేకుండా ఎంతమందికి ఎంత స్కాలర్‌షిప్ ఇచ్చారో ఉంటుంది. ఎర్లీ డిసిషన్ అనేది సీటొస్తే చేరి తీరాలనే ఒప్పందం, తల్లిదండ్రులూ సంతకం పెడతారు. ఆఫర్లు పోల్చుకోవాల్సిన ఇంటికి అది తగదు.

సిఫారసు లేఖలు ఏప్రిల్, మే నెలల్లోనే అడగాలి, ఈ ఏడాది చెప్పిన ఇద్దరు టీచర్లను, బాబే వెళ్ళి. ఫిజిక్స్ టీచర్ ఒకరు, ఇంగ్లిష్ లేదా హిస్టరీ టీచర్ ఒకరు అయితే మంచిది. ఎస్సేలు మీరు రాయకండి, మీవారు దిద్దకూడదు. నలభై ఐదేళ్ళ మనిషి వాక్యాన్ని చదివేవాళ్ళు పట్టేస్తారు. మీ పని ఫీజులు, తేదీలు, కారు నడపడం. స్ప్రింగ్ బ్రేక్‌లో ఒక క్యాంపస్‌కి తీసుకెళ్ళండి. రెండో ఏడాది విద్యార్థిని పట్టుకుని 'కోరిన క్లాసు దొరకడానికి ఎన్ని సెమిస్టర్లు పట్టింది?' అని బాబునే అడగనివ్వండి, మీరు కాస్త దూరంగా నిలబడండి. కాలేజీ మాటలు వారంలో ఒక్క పూట, ఆదివారం అరగంట, మిగతా రోజుల్లో వద్దు. వాట్సాప్‌లో వాడి ర్యాంకు, స్కోరు చుట్టాలకు పంపడం ఈ రోజే ఆపండి.

ఒక సంగతి మీరు రాయలేదు: బాబు హెచ్-4 (హెచ్-1బీ వాళ్ళ కుటుంబానికిచ్చే వీసా) మీద ఉన్నాడా? అయితే పై లెక్కల్లో ఫాఫ్సా, ఫెడరల్ అప్పులు ఉండవు, చాలా కాలేజీలు సాయం విషయంలో ఇంటర్నేషనల్‌గా చూస్తాయి. నివాస షరతు నెరవేరితే టెక్సస్‌లో హెచ్-4 పిల్లలకు ఇన్-స్టేట్ ఫీజు దొరుకుతుంది. కానీ హెచ్-4 మీద జీతం ఉన్న ఇంటర్న్‌షిప్ చేయకూడదు, 21 ఏళ్ళకు ఆ హోదా ముగుస్తుంది. ఎఫ్-1 విద్యార్థి వీసాకి మారితే సీపీటీకి, అంటే చదువుతూ ఇంటర్న్‌షిప్ చేసే అనుమతికి, మామూలుగా ఒక విద్యా సంవత్సరం పూర్తవ్వాలి. మారాక ఇన్-స్టేట్ ఫీజు నిలుస్తుందా అని యూనివర్సిటీ రెసిడెన్సీ ఆఫీసుని ఈమెయిల్‌లో అడిగి, జవాబు దాచుకోండి. ఈ ఒక్క వివరంతో ఇల్లినాయిస్, యూటీ డాలస్ పోలిక పూర్తిగా మారిపోతుంది, కాబట్టి లిస్టు రాయకముందే అది తేల్చుకోండి.