సంఘ పెద్దగా నిలబడబోతున్న నా మేనల్లుడికి

కడప

నాయనా,

ప్రభువు నామంలో వందనాలు. సంఘ పెద్దల ఎన్నికకు పేరు ఇస్తున్నావని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. సండే స్కూల్ పిల్లలను అంత ఓపికగా చూసుకునేవాడివి, ప్రభు భోజనపు బల్ల దగ్గర నిలబడితే కళ్లారా చూడాలని నాకెప్పటినుంచో ఉంది. కానీ నీ విడాకుల మాట అక్కడ ఎట్లా లేస్తుందోనని ఆ రాత్రంతా టెన్షన్.

ముందు మీ సంఘం నియమావళి చదువు. సీఎస్ఐ (దక్షిణ ఇండియా సంఘం) వాళ్ల పద్ధతి వేరు, బాప్తిస్టులది వేరు, సొంతంగా నడిచే సంఘాలది ఇంకొకటి. కోర్టు డిక్రీ నకలు దగ్గర ఉంచుకో.

బైబిల్లో సంఘ పెద్ద ఎట్లా ఉండాలో చెప్పే మొదటి తిమోతి పత్రిక మూడో అధ్యాయంలోని 'ఏకపత్నీపురుషుడు' అన్న మాట దగ్గరే అందరూ పట్టుబడతారు. ఇద్దరు భార్యలున్నవాడు కూడదని ఒకరు, విడాకులైనవాడు ఎప్పటికీ పనికిరాడని ఒకరు, మళ్లీ పెళ్లి చేసుకుంటేనే అడ్డమని ఒకరు. భార్యకు నమ్మకంగా ఉండేవాడని నేను అర్థం చేసుకున్నాను. అయినా కమిటీలో ఆ వాదన పెట్టుకోవద్దు. మా ఈడు వాళ్లకు విడాకులంటే వ్యభిచారమే గుర్తొస్తుంది. 1869 నాటి చట్టంలో క్రైస్తవుడు భార్య నుంచి విడాకులు కోరాలంటే ఆమె వ్యభిచారం చేసిందని రుజువు చేయాల్సి వచ్చేది. ఇద్దరూ ఒప్పుకుని విడిపోయే దారి 2001 సవరణతోనే వచ్చింది. మీది అట్లా అయిందని నీ నోటితో నువ్వే ముందు చెప్పు.

ఎందుకింత గట్టిగా చెబుతున్నానంటే, ఒక తప్పు చేశాను. మీ అత్తకు తప్ప ఎవరికీ చెప్పలేదు.

ఆ సవరణకు ముందు, నేను కమిటీ సెక్రటరీగా ఉన్నప్పుడు, ఉద్యోగం మీద మా ఊరొచ్చిన ఒక అబ్బాయి పెద్దగా నిలబడతానన్నాడు. విడాకులైన సంగతి నాకొక్కడికే చెప్పాడు. "అడిగితే చెబుదువులే, అడగనిదానికి నోరెందుకు" అన్నాను. ప్రతిష్ఠ ఆదివారం వాడు తెల్ల చొక్కాతో మోకాళ్ల మీద ఉన్నాడు. ఎవరికైనా అభ్యంతరముందా అని పాస్టర్ అయ్యగారు అడిగారు. ఆడవాళ్ల వైపు చివరి చాప మీద నుంచి ఒకామె లేచింది. అరవలేదు. "నా మీద కోర్టులో ఆ మాట రాయించాడు. నిజమేనా అని మీలో ఒక్కరైనా నన్ను అడిగారా?" అంది.

ఫ్యాన్ల చప్పుడు తప్ప ఏమీ లేదు. వాడు బైబిల్ రిబ్బన్ను వేలికి చుట్టుకుంటూ, విప్పుతూ ఉన్నాడు. నేను రిజిస్టర్లోకి తల దించుకున్నాను. ఆమె మాట ఎంత నిజమో నాకిప్పటికీ తెలీదు. ఆ రోజు తర్వాత కూడా పోయి అడగలేదు. వాడు మళ్లీ గుడి మెట్లెక్కలేదు. ఆమె ఎక్కడుందో కూడా నాకు తెలీదు.

అదే అధ్యాయం ఏడో వచనంలో బయటివాళ్ల మంచి సాక్ష్యం ఉండాలని ఉంది. నీకు ఆ బయటివాళ్లు తాడిపత్రిలో ఉన్నారు. పేరు ఇవ్వకముందే, నీతో విడిపోయిన ఆ అమ్మాయి దగ్గరికి పో. నువ్వు ఆ బల్ల దగ్గర నిలబడితే ఆమెకు బాధగా ఉంటుందా అని అడుగు. ఉంటుందంటే వాదించకుండా ఈసారికి ఆగు. పాప స్కూల్ ఫీజు రెండు నెలలు ఆలస్యం చేశావట. సిగ్గుగా లేదా? నీకు జీతం రాలేదా, మమ్మల్ని అడిగితే ఇవ్వమా? ముందు అది కట్టు.

కోపంతో రాయలేదురా. మీ నాయన పోయినప్పుడు నా చొక్కా పట్టుకుని నడిచిన పిల్లోడివి, నువ్వు అందరి ముందు తల దించుకుంటే నేను చూడలేను.

శనివారం పొద్దున్నే ప్రొద్దుటూరు వస్తాను. జమ్మలమడుగు మీదుగా ఇద్దరం తాడిపత్రి పోదాం. నేను బయట అరుగు మీద కూర్చుంటాను, లోపలికి నువ్వొక్కడివే పో. పాపకు ఏం తెస్తే ఇష్టమో అమ్మను అడిగి చెప్పు.

ఇట్లు,
మీ పెద్దమామ