జిప్సీలో ఎస్టీమ్ ఇంజిన్: తాళం వదిలితేనే ఎందుకు పట్టుకుంటోంది?

ప్రశ్న: నేను స్కూలు టీచర్ని. నాది 1991 మోడల్ మారుతి జిప్సీ. పాత 970 సీసీ ఇంజిన్ అరిగిపోయి ఘాట్ ఎక్కలేకపోతోంది. విజయవాడ ఆటోనగర్‌లో 2001 మారుతి ఎస్టీమ్ కారు ఎంపీఎఫ్‌ఐ ఇంజిన్ (కార్బొరేటర్ బదులు ఇంజెక్టర్లతో పెట్రోలు అందేది), దాని ఈసీఎం (ఇంజిన్‌ను నడిపే కంప్యూటరు పెట్టె), వైరింగ్ కొని తెచ్చాను. మెకానిక్ మౌంటింగులు చేసి కూర్చోబెట్టాడు. సెల్ఫ్ బాగానే తిరుగుతోంది కానీ ఇంజిన్ స్టార్ట్ కావడం లేదు. ఒక్కోసారి తాళం వదిలే క్షణంలో మాత్రం పట్టుకుంటోంది. వైరింగ్ చేసే అబ్బాయి పెట్రోలు పంపును డైరెక్టుగా కీకి కలిపేద్దామంటున్నాడు. ఏం చేయమంటారు?
– ఒక పాఠకుడు, పాడేరు

జవాబు: మాస్టారూ, ఆ ఒక్క మాట రాసి మంచి పని చేశారు. తాళం వదిలే క్షణంలో పట్టుకుంటోందంటే ఇంజిన్‌లో లోపం లేదు, ఈసీఎం కూడా బతికే ఉంది. సెల్ఫ్ కొడుతున్నంత సేపూ ఈసీఎంకు కరెంటు అందడం లేదు, అంతే.

పాత ఇగ్నిషన్ స్విచ్‌లో రేడియో, వైపర్ లాంటి వాటికి వెళ్లే వైరు ఒకటి ఉంటుంది. తాళం ఆన్‌లో ఉన్నప్పుడు దానిలో 12 ఓల్టులు వస్తాయి. స్టార్ట్ వైపు తిప్పగానే బ్యాటరీ బలమంతా సెల్ఫ్‌కు పోవాలని స్విచ్ ఆ వైరును ఆపేస్తుంది. మీ ఈసీఎంను ఎవరో ఆ వైరుకే తగిలించారు. నేను కూడా ఈ పని మొదలుపెట్టిన కొత్తలో ఇదే పొరపాటు చేసి, ఒకటిన్నర రోజు సెన్సర్లు మారుస్తూ కూర్చున్నాను. చివరికి పక్కన నిలబడి చూస్తున్న కుర్రాడు "అన్నా, తాళం వదిలినప్పుడే దగ్గుతోంది" అంటే అప్పుడు వెలిగింది. ఆ బండి యజమాని దగ్గర ఆ రోజు కూలి తీసుకోలేదు.

ఓల్టులు కొలిచే మీటరు నల్ల తీగ బ్యాటరీ మైనస్‌కు, ఎర్ర తీగ అనుమానం ఉన్న వైరుకు పెట్టండి. ఇంకొకరిని సెల్ఫ్ కొట్టమనండి. రీడింగ్ 12 నుంచి 10 దాకా దిగితే సరే. సున్నాకు పడిపోతే ఆ వైరు పనికిరాదు. ఆన్‌లోనూ స్టార్ట్‌లోనూ కరెంటు ఉండే వైరు స్విచ్ వెనక మరొకటి ఉంటుంది. పాత ఇంజిన్ ఇగ్నిషన్ కాయిల్‌కు వెళ్లిన వైరు సాధారణంగా అదే. దాన్నీ ఇలాగే కొలిచి చూసి కలపండి. టెస్ట్ ల్యాంపుతో మాత్రం ఈసీఎం పిన్నులు పొడవనివ్వకండి. బల్బు లాగే కరెంటుకు లోపలి సర్క్యూట్ కాలిపోవచ్చు.

ఇక పంపు. దాన్ని డైరెక్టుగా కీకి ఇవ్వడానికి ఒప్పుకోకండి. పాత కార్బొరేటర్ ఇంజిన్‌కు పంపు ఇంజిన్ మీదే ఉండేది, ఇంజిన్ ఆగితే అదీ ఆగేది. ఎంపీఎఫ్‌ఐ పంపు కరెంటుతో తిరుగుతుంది, పెట్రోలును ఎక్కువ ప్రెషర్‌తో తోస్తుంది. అందుకే తాళం ఆన్ చేయగానే ఈసీఎం దాన్ని రెండు మూడు సెకన్లు తిప్పి ఆపేస్తుంది. ఇంజిన్ తిరుగుతున్నట్టు తెలిస్తేనే మళ్లీ నడుపుతుంది. డైరెక్టుగా కలిపితే ఆ కాపలా పోతుంది. ఘాట్‌లో బండి బోల్తా పడి పైపు తెగిందనుకోండి, తాళం ఆన్‌లో ఉన్నంత సేపూ పంపు వేడి ఇంజిన్ మీద పెట్రోలు చిమ్ముతూనే ఉంటుంది. పిల్లలను ఎక్కించుకునే బండి అది. రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటును ఆన్ చేసే స్విచ్), 15 ఆంపియర్ల ఫ్యూజు పెట్టి, రిలే కంట్రోల్ వైరును ఈసీఎంకే ఇవ్వండి.

వైరింగ్‌ను నేనైతే ఇలా చేస్తాను. ఎస్టీమ్ ఇంజిన్ వైరింగ్‌ను కోయకుండా దానికదే ఉంచుతాను. జిప్సీ పాత వైరింగ్‌తో దానికి కలిసేవి కొన్నే: బ్యాటరీ నుంచి ఎప్పుడూ ఉండే కరెంటు, కీ కరెంటు, సెల్ఫ్ సిగ్నల్, పంపు రిలే, చెక్ ఇంజిన్ లైటు, ఛార్జింగ్ లైటు. కలిపే ప్రతిదాన్నీ కాగితం మీద రంగుతో సహా రాసుకుంటాను. ఎస్టీమ్‌లో ఇంజిన్ అడ్డంగా ఉంటుంది, జిప్సీలో బండి పొడుగు వెంట. అందుకని కొన్ని వైర్లు పొట్టివవుతాయి. అక్కడ అదే మందం వైరు తీసుకుని టంకం వేసి, వేడికి ముడుచుకునే స్లీవ్ ఎక్కించి వేడి చేయండి. ఇన్సులేషన్ టేపు చుట్టి వదిలేస్తే ఇంజిన్ వేడికి రెండు ఎండాకాలాల్లో జిగురు కారిపోతుంది.

టెంపరేచర్ సెన్సర్ల దగ్గర చాలామంది తికమక పడతారు. రెండు వైర్లున్నది ఈసీఎంకు, ఒక్క వైరున్నది డ్యాష్‌బోర్డులో వేడి చూపే గేజీ ముల్లుకు. మీ పాత గేజీ సరిగ్గా చూపాలంటే దాని పాత సెన్సరే కొత్త ఇంజిన్‌కు బిగించాలి. మరలు సరిపోకపోతే లేత్ దగ్గర బుష్ చేయించండి. ఘాట్ రోడ్డు మీద ముల్లు అబద్ధం చెబితే ఇంజిన్ వేడెక్కిన సంగతి తెలియక హెడ్ గాస్కెట్ (ఇంజిన్ హెడ్డుకూ బ్లాకుకూ మధ్య ఉండే సీలు) పోతుంది.

అన్నిటికంటే నన్ను భయపెట్టేది ఎర్త్, అంటే కరెంటు బ్యాటరీ మైనస్‌కు తిరిగి వెళ్లే దారి. ఇంజిన్ రబ్బరు మౌంటింగుల మీద కూర్చుంటుంది కదా, బాడీకి దానికి కరెంటు దారి ఉండదు. మందపాటి ఎర్త్ పట్టీ లేకపోతే సెల్ఫ్ కరెంటు యాక్సిలరేటర్ కేబుల్‌ను దారి చేసుకుంటుంది. అలా ఎర్రగా కాలి, లోపలి ప్లాస్టిక్ కరిగిపోయిన కేబుల్ ఒకటి నా టేబుల్ మీద ఇప్పటికీ ఉంది, నేర్చుకునే కుర్రాళ్లకు చూపించడానికి. బ్యాటరీ మైనస్ నుంచి ఇంజిన్ బ్లాకుకు ఒకటి, ఇంజిన్ నుంచి బాడీకి ఒకటి వేయండి. పెయింటు గీకి మెరిసే ఇనుము మీద బోల్టు బిగించాలి. సెల్ఫ్ కొడుతుండగా బ్యాటరీ మైనస్‌కూ బ్లాకుకూ మధ్య మీటరు పెడితే 0.2 ఓల్టు దాటకూడదు. ఈసీఎం ఎర్త్ వైర్లు ఎస్టీమ్‌లో ఇంజిన్ మీద ఎక్కడ బిగించి ఉన్నాయో ఇక్కడా అక్కడే ఉండాలి.

ఛార్జింగ్ లైటును అలంకారం అనుకోవద్దు. బ్యాటరీని ఛార్జ్ చేసే ఆల్టర్నేటర్ మేల్కొనేది ఆ బల్బులోంచి వచ్చే కరెంటుతోనే. బల్బు తీసేస్తే ఛార్జింగే మొదలుకాకపోవచ్చు. ఇంజిన్ తిరుగుతుండగా బ్యాటరీ మీద 13.8 నుంచి 14.4 ఓల్టుల మధ్య రావాలి.

కాగితాల సంగతి మీరు అడగలేదు, నేనే చెబుతున్నాను. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ కింద ఇలాంటి ఇంజిన్ మార్పుకు ఆర్టీఓ అనుమతి కావాలి, ఆర్‌సీలో కొత్త ఇంజిన్ నంబరు ఎక్కాలి. ఆటోనగర్ బిల్లు, ఎస్టీమ్ పాత ఆర్‌సీ కాపీ తీసుకుని ముందు ఆఫీసులో అడగండి. అది తేలేదాకా బండిని రోడ్డెక్కించకండి, ప్రమాదం జరిగితే ఇన్సూరెన్స్ దగ్గర మీ మాట నిలవదు.

ఈ వారం కీ వైరు, ఎర్త్ ఈ రెండే కొలవండి. సెల్ఫ్ కొట్టేటప్పుడు వచ్చిన ఓల్టులు రెండూ రాసి పంపండి, అప్పటికీ పట్టుకోకపోతే సెన్సర్ల పిన్నులు ఒక్కొక్కటిగా చూద్దాం.