కారం వేయగానే కూర నల్లబడి చేదొస్తుంటే

మీ కోడికూర చేదెక్కడానికి కారణం గుంటూరు కారం కాదు, కాగిన నూనెలో నేరుగా పొడి వేయడం. మెత్తటి పొడి కొన్ని సెకన్లలోనే మాడుతుంది. ఇంట్లో అందరికీ దగ్గు రావడమూ అందుకే.

1. ఉల్లిపాయలు వేగాక మంట బాగా తగ్గించండి. ఇనుప మూకుడైతే స్టవ్ కట్టేయండి, దాని వేడి త్వరగా దిగదు.

2. చాలామంది వదిలేసేది ఇదే: కారం పడేటప్పటికి గిన్నెలో తడి ఉండాలి. టమాటా మగ్గి నీరు ఊరాక వేయండి. టమాటా లేని కూరైతే కారం, పసుపు, ధనియాల పొడి కాసిని నీళ్లలో ముద్దగా కలిపి వేయండి. ఆ తడి ఇగిరి నూనె తేలేదాకా సన్న సెగపై వేయించాలి, లేకపోతే పచ్చివాసన పోదు.

3. ఆ తర్వాతే చికెన్.

ఎరుపు కోసమని కారం పెంచకండి. వేసే కారంలో సగం బ్యాడగి (కర్ణాటక మిరప రకం) కారం వాడండి, దానికి రంగు ఎక్కువ, ఘాటు తక్కువ. మాడిన కూరలో పెరుగు వేసినా చేదు పోదు.