తల తిరగడం తగ్గడానికి ఒక మార్గం ఉంది అన్నా
అన్నా, మీరు రెండు అడిగారు: ఎనిమిదేళ్ల బాబుకి 2025 సూపర్‌మ్యాన్ చూపించొచ్చా, రెసిడెంట్ ఈవిల్ విలేజ్ అనే హారర్ వీడియో గేమ్ ఆడుతుంటే తల తిరుగుతోంది, ఏం చేయాలి అని. సినిమా బెజవాడలో బెంజ్ సర్కిల్ దగ్గర చూశాను. క్రిప్టో అనే కుక్క అల్లరికి పిల్లలు పడీ పడీ నవ్వారు. విలన్ రివాల్వర్ తీసే సీన్‌లో మాత్రం బాబు కళ్లు మూయండి.

గేమ్‌ది వేరే గొడవ. అంతా హీరో కళ్లలోంచే చూపిస్తుంది కాబట్టి కెమెరా ఊగినప్పుడల్లా కడుపులో తిప్పుతుంది. నేనూ మజ్జిగ తాగి పడుకున్నవాణ్ణే. ఆ గేమ్‌కే అదనపు భాగంగా 2022లో వచ్చిన వింటర్స్ ఎక్స్‌పాన్షన్ కొనండి, హీరోని వెనక నుంచి చూస్తూ ఆడొచ్చు. గేమ్ గోల్డ్ ఎడిషన్ కొంటే అది కలిసే వస్తుంది. నాకు దాంతోనే తగ్గింది. బాబు పడుకున్నాకే ఆడండి. గేమ్‌లో వచ్చే బొమ్మల ఇంట్లో హీరో చేతిలో తుపాకీ కూడా ఉండదు, నేనైతే లైట్లన్నీ వేసుకున్నాను.