తలకు దెబ్బ తగిలినవారికి ఎంఎంపీఐ ఇచ్చేముందు

చిరంజీవి మేనకోడలికి, మామయ్య ఆశీస్సులు.

తలకు గాయమైనవారిలో, మనస్తత్వాన్ని అంచనా వేసే ‘అవును-కాదు’ ప్రశ్నావళి ఎంఎంపీఐ-2నూ, దాన్ని కుదించి తిరగదిద్దిన ఆర్‌ఎఫ్ రూపాన్నీ పోల్చి చూడాలన్న నీ ఆలోచన బాగుంది. అయితే రెండింటిలో స్కోర్లు తేడాగా వస్తే రోగి మారినట్టు కాదు. ఏ వాక్యం ఏ స్కేలు (ఒక్కో లక్షణాన్ని కొలిచే వాక్యాల గుంపు) కింద లెక్కకు వస్తోందన్నదే మారిందని గుర్తుంచుకో.

ఇది నాకు ఒక పొరపాటు నేర్పిన సంగతి. నేను బెంగళూరుకు వచ్చిన కొత్తలో, స్కూటరు మీదనుంచి పడిన అనంతపురం వైపు తాపీమేస్త్రి ఒకాయన నా ఎదుట కూర్చుని మతిమరుపు, ధ్యాస నిలవకపోవడం, ఒళ్లు తూలడం వంటివాటికన్నిటికీ ‘అవును’ అని గుర్తు పెట్టాడు. స్కిజోఫ్రీనియా పేరుతో ఉన్న ఎనిమిదో స్కేలు స్కోరు, ఎక్కువని లెక్కించే హద్దు 65ను దాటింది. స్కిజోఫ్రీనియా ఛాయలున్నాయని రిపోర్టు రాసేశాను. తరువాత ఆ స్కేలులోని 78 వాక్యాలనూ వేలు పెట్టి చూసుకుంటే, ఆయన ఒప్పుకున్నవి చాలామటుకు మెదడు గాయం తెచ్చిపెట్టే ఇబ్బందులే. రిపోర్టు తిరగరాశాను గానీ, అప్పటికే ఆయన భార్య “మా ఆయనకు పిచ్చంట గదా సార్” అని అడిగేసింది.

ఇటువంటి 14 వాక్యాలను పక్కనపెట్టి లెక్కగట్టే సవరణను 1991లో న్యూరోసైకాలజిస్టు గాస్ సూచించారు. దాన్ని కళ్లు మూసుకుని వాడవద్దు. దెబ్బ స్వల్పమైనవారిలో అసలైన మనోవేదన కూడా దానితోపాటే కొట్టుకుపోవచ్చు. 2008లో వచ్చిన ఆర్‌ఎఫ్‌లో నరాల ఇబ్బందులకూ, జ్ఞాపకశక్తి ఫిర్యాదులకూ విడివిడి స్కేళ్లున్నాయి కనుక నీ పోలిక అసలు అక్కడే పండుతుంది.

ఆర్‌ఎఫ్‌లోని 338 వాక్యాలూ ఎంఎంపీఐ-2 లోని 567లో ఉన్నవే. కాబట్టి పెద్ద పరీక్ష ఒక్కసారే ఇచ్చి, అదే జవాబు పత్రాన్ని రెండు విధాలా లెక్కించు. గాయమైనవారు త్వరగా అలసిపోతారు. మధ్యలో ఆపి, టీ తాగించి, మళ్లీ కూర్చోబెట్టు. పొంతనలేని జవాబులను పట్టే స్కేళ్లను మాత్రం రెండు రూపాల్లోనూ ముందే చూడు. ఆర్‌ఎఫ్ నార్మ్స్ (స్కోర్లను పోల్చి చూసే ప్రామాణిక లెక్కలు) స్త్రీపురుషులకు ఉమ్మడివి. ఎంఎంపీఐ-2కూ అటువంటివి ఉన్నాయి, వాటితోనే పోల్చు. 2020 నాటి ఎంఎంపీఐ-3లో కొత్త వాక్యాలు చేరాయి గనుక, దాన్ని ఈ పత్రంనుంచి లెక్కించలేవు. ఈ పనిలోకి లాగకు.

ఇంకొకటి. తెలుగు రోగి కనబడగానే ఇంగ్లీషు వాక్యాన్ని అప్పటికప్పుడు నోటితో తెలుగు చేసి వినిపించకు. నేను అలా చేసినప్పుడు, ఫలానా బాధ ‘లేదు’ అన్న వాక్యానికి ఆ బాధ ఉన్నవాడు ‘కాదు’ అని చెప్పవలసినచోట తడబడి ‘అవును’ అన్నాడు. నేను పత్రంలో ఆ తప్పు జవాబునే గుర్తు పెట్టాను.